మైలోమా మందుల కలయిక: తొలి సైకిల్ నుంచి నిలకడ చికిత్స దాకా ఎలా నడుపుకోవాలి

మల్టిపుల్ మైలోమా అని తేలిన కొద్ది రోజులకే మీ చేతికి ఒక కాగితం వస్తుంది. దాని మీద వీఆర్‌డీ అనో, డీ-వీఆర్‌డీ అనో, డీఆర్‌డీ అనో, వీసీడీ అనో పొడి అక్షరాలు ఉంటాయి. అవి మందుల పేర్లలోని తొలి అక్షరాలు. వీ అంటే వెల్కేడ్ పేరుతో మొదట వచ్చిన బోర్టెజోమిబ్ ఇంజెక్షన్. ఆర్ అంటే రెవ్లిమిడ్ పేరుతో వచ్చిన లెనలిడోమైడ్ క్యాప్సూల్. చివరి డీ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, ముందున్న డీ డారాటుముమాబ్, సీ సైక్లోఫాస్ఫమైడ్. ఇంత తెలిస్తే ఆ కాగితం పెట్టే భయం సగం తగ్గుతుంది.

మా అన్నయ్యకు చికిత్స నడిచినన్నాళ్లూ మందుల నోటుపుస్తకం నా దగ్గరే ఉండేది. ఏ మందులు కలపాలో తేల్చేది డాక్టరే. కానీ ఏ రోజు ఏది వేసుకోవాలి, వేసుకున్నాక ఒంట్లో ఏం మారింది అన్నవి చూసుకోవాల్సింది ఇంట్లోవాళ్లు. ఈ జబ్బుకు ఎక్కువ రోజులు ఆసుపత్రిలో పడుకోబెట్టరు. ఇంజెక్షన్ వేసి పంపించేస్తారు, మిగతాదంతా ఇంట్లోనే జరుగుతుంది. కింద రాసిన మోతాదులు మీ కాగితాన్ని మీరు చదువుకోవడానికి మాత్రమే. మీవి వేరుగా ఉంటే కంగారు పడకండి, కారణం అడగండి.

ముందు మీ జబ్బు ఏ స్థితిలో ఉందో తెలుసుకోండి

మైలోమా అంటే ఎముక మూలుగలో యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సర్. కొందరిలో ఆ కణాలు పెరిగినా శరీరానికి ఇంకా హాని జరగదు. దాన్ని స్మోల్డరింగ్ మైలోమా అంటారు, నివురుగప్పిన నిప్పులాంటిది. అలాంటివారిలో చాలామందికి వెంటనే మందులు అవసరం పడవు, క్రమం తప్పని పరీక్షలు సరిపోతాయి. కాల్షియం పెరగడం, కిడ్నీలు దెబ్బతినడం, రక్తహీనత, ఎముకలు తొలుచుకుపోవడం, ఈ నాలుగింటిలో ఏదైనా కనిపిస్తే జబ్బు చురుగ్గా ఉన్నట్టే. ఆ నాలుగూ లేకపోయినా మూలుగలో క్యాన్సర్ కణాలు 60 శాతం చేరినా, దాటినా చికిత్స మొదలుపెడతారు. 2014 నుంచి ప్రపంచమంతా పాటిస్తున్న నిర్వచనం ఇది.

మందులు మొదలుపెట్టే ముందు మూడు ప్రశ్నలకు జవాబులు రాయించుకోండి. నా ఎం ప్రొటీన్, ఫ్రీ లైట్ చైన్ (మైలోమా కణాలు రక్తంలోకి వదిలే ప్రొటీన్, దాని ముక్కలు) అంకెలు ఈరోజు ఎంత? క్యాన్సర్ కణాల్లోని క్రోమోజోమ్ మార్పులను వెతికే ఫిష్ పరీక్షలో 17పీ లోపం, 4;14 మార్పిడి, 14;16 మార్పిడి, 1క్యూ పెరుగుదల వంటివి ఉన్నాయా? నాకు మూలకణ మార్పిడి (రక్తకణాలను పుట్టించే నా కణాలనే తీసి దాచి, మళ్లీ నాకే ఎక్కించడం) చేసే ఆలోచన ఉందా? మొదటి జవాబు లేకపోతే ఆరు నెలల తర్వాత మందు పనిచేసిందో లేదో కొలవడానికి కొలబద్దే ఉండదు. రెండోది జబ్బు ఎంత మొండిదో చెబుతుంది. మూడోదాన్ని బట్టి మొత్తం చికిత్స నడక మారిపోతుంది.

ఒకేసారి మూడు నాలుగు మందులు ఎందుకో అర్థం చేసుకోండి

అన్ని మందులు చూసి ఇంట్లోవాళ్లు బెదిరిపోతారు. ఒక్కటి వాడి చూసి, పనిచేయకపోతే ఇంకొకటి అందుకోకూడదా అని అడిగేవాళ్లూ ఉంటారు. మైలోమా కణాలన్నీ ఒకే అచ్చులో పోసినవి కావు. ఒక మందుకు లొంగే కణాల పక్కనే లొంగనివీ ఉంటాయి. ఒకే మందు వాడితే లొంగేవి చచ్చి, లొంగనివి ఖాళీ జాగా దొరికినట్టు విస్తరిస్తాయి. అందుకే వేర్వేరు దారుల్లో ఒకేసారి కొడతారు.

బోర్టెజోమిబ్ కణంలోని చెత్త యంత్రాన్ని ఆపుతుంది. వాడేసిన ప్రొటీన్లను ముక్కలు చేసే ఆ యంత్రం పేరు ప్రొటియాసోమ్. కణం ఏ ప్రొటీన్‌ను అక్కడికి పంపాలో ఎలా గుర్తు పెడుతుందో కనిపెట్టినందుకే 2004లో అవ్‌రామ్ హెర్ష్కో, ఆరన్ సీహనోవర్, ఇర్విన్ రోజ్‌లకు రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ప్లాస్మా కణాలు పగలూ రాత్రీ ప్రొటీన్లు తయారుచేసే కర్మాగారాలు కాబట్టి, చెత్త పేరుకుపోతే అందరికంటే ముందు ఉక్కిరిబిక్కిరయ్యేది అవే.

లెనలిడోమైడ్ పూర్వచరిత్ర చీకటిది. దాని అన్న వరస మందు థాలిడోమైడ్ 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా వచ్చింది. గర్భిణులు వాడటంతో పదివేల మందికి పైగా పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు, 1961లో అక్కడ దాన్ని ఉపసంహరించారు. అదే మందు మైలోమాను తగ్గిస్తుందని 1999లో ఒక అధ్యయనం చూపించింది. లెనలిడోమైడ్ ఆ కుటుంబంలోదే. క్యాన్సర్ కణం బతకడానికి కావలసిన రెండు ప్రొటీన్లను తగ్గిస్తుంది, రోగనిరోధక కణాలను కూడా మేల్కొల్పుతుంది. డారాటుముమాబ్ ప్లాస్మా కణం మీద దట్టంగా ఉండే సీడీ38 అనే గుర్తును పట్టుకుని, ఆ కణాన్ని మన రోగనిరోధక వ్యవస్థకు పట్టిస్తుంది. డెక్సామెథసోన్ మైలోమా కణాలను తనంతట తానే చంపగలదు, తోటి మందుల బలమూ పెంచుతుంది.

కలయిక వల్ల లాభం ఎంత? రెండు మందులకు బోర్టెజోమిబ్‌ను మూడోదిగా కలిపిన ఎస్‌0777 అనే అధ్యయనంలో జబ్బు అదుపులో ఉన్న మధ్యస్థ కాలం (సగం మందికి ఇంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ) 30 నెలల నుంచి 43 నెలలకు పెరిగింది. మూడింటికి డారాటుముమాబ్‌ను నాలుగోదిగా కలిపిన పెర్సియస్ అధ్యయనంలో నాలుగేళ్ల తర్వాత జబ్బు ముదరకుండా ఉన్నవారు 84 శాతం, మూడు మందుల వారిలో 68 శాతం. మార్పిడికి తగని పెద్దవయసు వారి మీద చేసిన మాయియా అధ్యయనంలో డీఆర్‌డీ తీసుకున్నవారి మధ్యస్థ కాలం దాదాపు 62 నెలలు, డారాటుముమాబ్ లేనివారిది 34 నెలలు. ఇవి గుంపు మీద లెక్కలు. మీకు ఎన్ని నెలలో ఇవి చెప్పలేవు, కానీ అన్ని మందులు ఎందుకన్న ప్రశ్నకు మాత్రం జవాబిస్తాయి.

మొదటి ఇంజెక్షన్‌కు ముందే తీర్చాల్సిన పనులు

పంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎముకల కోసం జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కించడం మొదలైన తర్వాత పన్ను పీకితే దవడ ఎముక మానకుండా పుండుపడే ప్రమాదం ఉంది. పీకాల్సినవి ముందే పీకించుకుని, గాయం మానిన తర్వాత మొదలుపెట్టించండి.

డారాటుముమాబ్ ఉంటే రక్తం గ్రూపు, యాంటీబాడీ పరీక్షలు ముందే చేయించి, ఆ కాగితాన్ని పర్సులో పెట్టుకోండి. ఎర్ర రక్తకణాల మీదా సీడీ38 కొద్దిగా ఉంటుంది. మందు వెళ్లి వాటికి అంటుకుని బ్లడ్ బ్యాంకు పరీక్షలను తికమక పెడుతుంది, చివరి మోతాదు తర్వాత కూడా కొన్ని నెలలు అలాగే ఉంటుంది. ఎక్కడ రక్తం ఎక్కించాల్సి వచ్చినా ఆ మందు వాడుతున్నట్టు ముందుగా చెప్పాలి. హెపటైటిస్ బీ పరీక్ష కూడా చేయించాలి, ఎప్పుడో వచ్చి అణగిన వైరస్ ఈ మందులతో మళ్లీ లేవవచ్చు.

లెనలిడోమైడ్ వాడేవారు గర్భం విషయంలో ఏమాత్రం పట్టు సడలించకూడదు. గర్భం వచ్చే అవకాశమున్న స్త్రీకి మందు మొదలుపెట్టే ముందు, తర్వాత క్రమం తప్పకుండా గర్భ పరీక్షలు చేస్తారు, రెండు రకాల నిరోధక పద్ధతులు వాడమంటారు. మగవారి వీర్యంలోకీ మందు చేరుతుంది కనుక కండోమ్ తప్పనిసరి. మందు వాడుతున్నంతకాలం రక్తదానం చేయకూడదు. క్యాప్సూల్‌ను విప్పి పొడి చేయకూడదు. గర్భిణి ఆ పొడిని తాకనే కూడదు.

ఇప్పటికే వాడుతున్న ప్రతి మందునూ, పొడులూ కషాయాలూ సహా, డాక్టరుకు చూపించండి. గ్రీన్ టీ సారం, ఎక్కువ మోతాదు విటమిన్ సి బోర్టెజోమిబ్ బలాన్ని తగ్గించగలవని ప్రయోగశాలల్లో తేలింది. ఒంటికి మంచిదని ఎవరో తెచ్చిచ్చిన డబ్బానే మందుకు అడ్డు తగలవచ్చు. ఇక ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఈ జబ్బులో కిడ్నీలకు శత్రువులు. నొప్పికి ఏం వాడాలో ముందే రాయించుకోండి.

క్యాలెండరు గీయండి

ఇదే అసలు పని. మందుల రోజులు, విరామం కలిపి ఒక విడతను సైకిల్ అంటారు. వీఆర్‌డీ సాధారణంగా 21 రోజుల సైకిల్. పాత పద్ధతిలో 1, 4, 8, 11 రోజుల్లో చర్మం కింద బోర్టెజోమిబ్, 1 నుంచి 14 దాకా రోజూ లెనలిడోమైడ్ 25 మిల్లీగ్రాములు, ఇంజెక్షన్ రోజూ ఆ మర్నాడూ డెక్సామెథసోన్ 20 మిల్లీగ్రాములు, ఆ తర్వాత విరామం. ఇప్పుడు చాలాచోట్ల ఇంజెక్షన్‌ను వారానికి ఒకసారికి తగ్గిస్తున్నారు, నరాలకు దాని వల్ల మేలు. బలహీనంగా ఉన్నవారికి 35 రోజుల సైకిల్‌తో, 15 మిల్లీగ్రాముల లెనలిడోమైడ్‌తో తేలికపాటి రూపం కూడా ఉంది.

పెద్ద కాగితం మీద గళ్లు గీసి, ఒక్కో మందుకు ఒక్కో రంగు వేయండి. వేసుకున్న వెంటనే గడి కొట్టేయండి, సాయంత్రం గుర్తు చేసుకుని కొట్టేస్తే తప్పులు దొర్లుతాయి. విరామం వారాన్నీ గీయాలి. వేసుకోకూడని రోజు క్యాప్సూల్ వేసుకోవడం నేను విన్న తప్పుల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు జరిగింది.

డెక్సామెథసోన్‌ను పొద్దున్నే, ఏదైనా తిన్న తర్వాత వేసుకోండి. రాత్రి వేసుకుంటే ఇక నిద్ర మీద ఆశ వదులుకోవచ్చు. పొద్దున్న వేసుకున్నా కొందరికి నిద్ర రాదు. అన్నయ్య స్టెరాయిడ్ రాత్రుల్లో అలమారాలన్నీ సర్దేసేవాడు, రెండు రోజులు పోయాక మంచం దిగేవాడు కాదు. ఆ ఎత్తుపల్లాలు మందువే, మనిషివి కావు. ఒకప్పుడు ఈ స్టెరాయిడ్‌ను సైకిల్‌లో మూడు విడతలుగా, విడతకు నాలుగు రోజుల చొప్పున గుప్పించేవారు. 2010లో ప్రచురితమైన అధ్యయనంలో వారానికి ఒకసారి 40 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో ఏడాది తర్వాత 96 శాతం మంది జీవించి ఉంటే, ఎక్కువ మోతాదు వారిలో 87 శాతమే ఉన్నారు. 75 ఏళ్లు దాటినవారికి సాధారణంగా 20కి తగ్గిస్తారు. తగ్గించారని మందు బలం చాలదేమోనని దిగులు పడనక్కరలేదు.

లెనలిడోమైడ్ వేసుకోవడం మరిచిపోయి 12 గంటలు దాటకపోతే వేసుకోండి. దాటితే ఆ రోజుది వదిలేయండి. మర్నాడు రెండు వేసుకోవద్దు. బోర్టెజోమిబ్ ఇంజెక్షన్ల మధ్య కనీసం 72 గంటలు ఉండాలి, సెలవుల వల్ల తేదీ జరిగినప్పుడు ఈ లెక్క మీరూ చూసుకోండి.

తోడు మందులను చిన్నచూపు చూడకండి

మాత్రలు ఎక్కువైపోయాయని ఇంట్లో ముందు మానేసేవి ఇవే. క్యాన్సర్‌కు సంబంధం లేనట్టు కనిపిస్తాయి మరి. బోర్టెజోమిబ్, డారాటుముమాబ్‌లతో సర్పి లేచే ప్రమాదం ఎక్కువ, దాన్ని ఆపడానికే ఎసైక్లోవిర్. లెనలిడోమైడ్‌తో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు, అందుకే తక్కువ మోతాదు ఆస్పిరిన్, ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ఇంకా బలమైన మందు. ప్లేట్‌లెట్లు బాగా పడిపోతే మాత్రం ఆస్పిరిన్ ఆపాలేమో ఫోన్ చేసి అడగండి. తొలి మూడు నెలలు అంటురోగాలకు అన్నిటికంటే ప్రమాదకరమైన కాలం. లెవోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ను 12 వారాలు ఇస్తే జ్వరాలు, మరణాలు తగ్గాయని బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం చూపింది. మీకు అది సరిపడుతుందో లేదో డాక్టరును అడగండి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోండి, బతికున్న సూక్ష్మజీవులతో చేసిన టీకాలు వద్దు.

జోలెడ్రోనిక్ యాసిడ్ సాధారణంగా నాలుగు వారాలకు ఒకసారి 4 మిల్లీగ్రాములు. ప్రతిసారీ ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. మొదటిసారి ఎక్కించిన రాత్రి ఒళ్లునొప్పులు, జ్వరం రావడం మామూలే. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి డెనోసుమాబ్ ఇస్తారు, దాన్ని చెప్పకుండా మధ్యలో ఆపకూడదు. నీళ్లు మాత్రం, గుండె, కిడ్నీ డాక్టర్లు వద్దనకపోతే, రోజుకు దాదాపు మూడు లీటర్లు తాగండి. మైలోమా వదిలే లైట్ చైన్లు కిడ్నీ గొట్టాల్లో పేరుకోకుండా ఉండటానికి ఇంతకంటే చవకైన సాయం లేదు.

ఏం కనిపిస్తే ఎంత త్వరగా చెప్పాలి

కాలివేళ్లలో తిమ్మిరితో మొదలుపెడతాను, ఎక్కువమంది దాచేది దాన్నే. బోర్టెజోమిబ్ నరాలను దెబ్బతీస్తుంది. మొదట అరికాళ్లలో చిన్న జివ్వుమనడం, తర్వాత సూదులు గుచ్చినట్టు, ఆ తర్వాత మంట, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం. చెబితే మందు ఆపేస్తారేమోనన్న భయంతో రోగులు నోరు విప్పరు. నిజానికి తొందరగా చెబితే చాలావరకు ఆపరు, మోతాదును శరీర ఉపరితలం చదరపు మీటరుకు 1.3 నుంచి 1 మిల్లీగ్రాముకు తగ్గిస్తారు, లేదా వారానికి ఒకసారికి మారుస్తారు. దాచి దాచి నొప్పి ముదిరాక చెబితే అప్పుడు నిజంగానే ఆపాల్సి వస్తుంది, నరాలు కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి పూర్తిగా తగ్గదు. ఇంజెక్షన్‌ను సిరలోకి కాకుండా చర్మం కింద వేస్తే ఈ బాధ తగ్గుతుంది. మీకు ఎలా వేస్తున్నారో చూడండి. ప్రతి ఇంజెక్షన్‌కు ముందు రోజు రాత్రి కాళ్లూ చేతులూ ఎలా ఉన్నాయో సున్నా నుంచి పదిలోపు ఒక అంకె రాసుకోండి. అంకె పెరుగుతుంటే డాక్టరుకు కథ చెప్పనక్కరలేదు, పుస్తకం చూపిస్తే చాలు.

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, చేరితే తెల్లారేదాకా ఆగవద్దు. స్టెరాయిడ్ వేసుకున్న రోజుల్లో జ్వరం బయటపడకుండా అణిగి ఉండవచ్చు, కాబట్టి వణుకు, మత్తు, ఊపిరి అందకపోవడం ఉంటే థర్మామీటరును నమ్ముకోకుండా బయలుదేరండి. ఒక కాలు మాత్రమే వాచడం, ఛాతీలో నొప్పి రక్తపు గడ్డకు గుర్తులు. వెన్నునొప్పితోపాటు కాళ్లు బలహీనపడటం, మూత్రం ఆగిపోవడం వెన్నుపాము నలుగుతోందనడానికి గుర్తు. వీటన్నిటికీ అదే రోజు, అదే గంట.

మధుమేహం ఉన్నవారు స్టెరాయిడ్ రోజుల్లో పరగడుపు షుగర్ చూసి తృప్తిపడకండి, పొద్దున్న వేసుకున్న మందు మధ్యాహ్నం, సాయంత్రం షుగర్‌ను లేపుతుంది. డారాటుముమాబ్ మొదటి మోతాదు రోజున ముక్కు దిబ్బడ, దగ్గు, చలి రావచ్చు. ఆ రోజు ఆసుపత్రిలో ఎక్కువసేపు కూర్చోబెడతారు, తర్వాతి మోతాదులకు అంత ఉండదు.

రిపోర్టులు చదవడం

ఎం ప్రొటీన్ సగానికి పైగా తగ్గితే పాక్షిక ప్రతిస్పందన అంటారు, 90 శాతం తగ్గితే చాలా మంచి పాక్షిక ప్రతిస్పందన. తొలి ఒకటి రెండు సైకిళ్లలోనే దిగుదల కనిపించడం మామూలు. లైట్ చైన్లు గంటల్లో ఒంట్లోంచి పోతాయి కనుక త్వరగా పడిపోతాయి. ఐజీజీ రకం ఎం ప్రొటీన్ రక్తంలో వారాల తరబడి ఉంటుంది, కణాలు చచ్చినా అంకె మెల్లగా దిగుతుంది. ఒకటి దిగి ఇంకొకటి దిగలేదని గాబరా పడవద్దు. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. ఎముకల్లోని రంధ్రాలు జబ్బు తగ్గిన తర్వాత కూడా స్కానులో అలాగే కనిపించవచ్చు, అవి పాత గాయాల మచ్చలు.

మూలకణాల మార్పిడి, ఆ తర్వాత

మార్పిడి ఆలోచన ఉంటే సాధారణంగా నాలుగు నుంచి ఆరు సైకిళ్లలోపు మూలకణాలను సేకరిస్తారు. లెనలిడోమైడ్ ఎక్కువకాలం వాడితే సేకరణ కష్టమవుతుంది, అందుకే ఆ తేదీని మూడో సైకిల్ నాటికే అడగండి. ఆ తర్వాత ఎక్కువ మోతాదులో మెల్ఫలాన్ అనే కీమో మందు ఇచ్చి, తీసిపెట్టిన మీ కణాలను మీకే ఎక్కిస్తారు. వెంటనే చేయించుకోవాలా, కణాలు దాచిపెట్టుకుని జబ్బు తిరగబెట్టినప్పుడు చేయించుకోవాలా అన్నది ఇప్పటికీ తెగని చర్చ. అది మీ ఫిష్ రిపోర్టు, వయసు, మీ మనసు కలిసి తేల్చే విషయం.

చివరికి చాలామందికి రోజూ 10 మిల్లీగ్రాముల లెనలిడోమైడ్, జబ్బును అదుపులోనే ఉంచే నిలకడ చికిత్సగా, ఏళ్లతరబడి నడుస్తుంది. మొండి రకాలకు దానితోపాటు వేరే మందూ కలుపుతారు. క్యాలెండరు ఇప్పుడు తేలికవుతుంది గానీ రక్త పరీక్షలు ఆగవు, ఇంకో రకం క్యాన్సర్ వచ్చే అవకాశం కొద్దిగా పెరుగుతుంది కాబట్టి చర్మంలో, రొమ్ములో, పేగుల్లో కొత్తగా ఏది కనిపించినా చెప్పాలి. ఈ దశలో జనం అనవసరంగా భరించే బాధ విరేచనాలు. తిన్న గంటకే పరుగెత్తాల్సి రావడం, బయటికి వెళ్లడం మానేయడం. లెనలిడోమైడ్ వల్ల పేగుల్లో పిత్తరసం సరిగా పీల్చుకోకపోవడమే చాలామందిలో దానికి కారణం, ఆ రసాన్ని పట్టి ఉంచే మందు ఇస్తే కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది. తర్వాతి సారి డాక్టరును కలిసినప్పుడు, ఎం ప్రొటీన్ అంకె అడిగే ముందే, ఈ మాట చెప్పండి.